తమ్ముడిది మిల్లు... అక్కది సమ్మె

*చదివించినవాళ్లకే ఎదురు చెప్పాల్సి వస్తే? ప్రేమించినవాళ్లతోనే తగువు పడాల్సి వస్తే? బంధం తెంచుకోవాలా, నోరు మూసుకోవాలా? ఈ రెండూ కాని దారిలో నడిచిన ఒక అక్కాతమ్ముళ్ల కథ, ఆ దారి గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పే మాట... ఈ వారం ముఖచిత్ర కథనం.*

1918 ఫిబ్రవరి 22. అహ్మదాబాద్‌లో బట్టల మిల్లులు లాకౌట్ ప్రకటించాయి. అంతకుముందు ఏడాది ఊరిని ప్లేగు చుట్టుముట్టింది. కూలీలు పల్లెలకు పారిపోకుండా యజమానులు ‘ప్లేగు బోనస్’ ఇచ్చారు. కొందరికి అది జీతంలో డెబ్భై ఎనభై శాతం దాకా ఉండేది. జనవరికల్లా ప్లేగు తగ్గింది, బోనస్ ఇక ఉండదన్నారు. కానీ యుద్ధకాలపు ధరలు మాత్రం దిగిరాలేదు. జీతాలు యాభై శాతం పెంచమని కూలీలు అడిగారు. ఇరవైకి మించి పైసా ఇవ్వమని యజమానులు తేల్చేశారు. మిల్లుల లెక్కలూ, బజారు ధరలూ, బొంబాయిలో ఇచ్చే జీతాలూ చూసి 35 శాతం న్యాయమని గాంధీ చెప్పారు.

యజమానుల తరఫున ముందు నిలిచింది అంబాలాల్ సారాభాయ్. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ ఈయన కొడుకే. కూలీల తరఫున ముందు నిలిచింది అనసూయా సారాభాయ్. అంబాలాల్ సొంత అక్క.

దేశ స్వాతంత్ర్య చరిత్రలో ఈ సమ్మెను గాంధీ తొలి నిరాహార దీక్షల్లో ఒకటిగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకన్నా పెద్ద విషయం ఆ ఇంట్లో కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు నిజంగా విభేదించారు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. అయినా ఒకరికొకరు పరాయివాళ్లు కాలేదు. ఇది ఎలా సాధ్యమైంది?

ఇచ్చిన చేతులకే ఎదురై

అనసూయ 1885లో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసుకే అమ్మానాన్నలు పోయారు. పిల్లలు చిన్నాన్న నీడన పెరిగారు. పదమూడో ఏట పెళ్లి చేశారు. ఆ కాపురం నిలవలేదు, పుట్టింటికి తిరిగొచ్చారు. ఆ రోజుల్లో అలా తిరిగొచ్చిన ఆడపిల్లకు వంటిల్లూ పూజగదీ తప్ప మూడో లోకం ఉండేది కాదు. వ్యాపారం చేతికొచ్చిన తమ్ముడు ఆమెను ఆ మూలన కూర్చోబెట్టలేదు. 1912లో ఇంగ్లండు పంపారు. వైద్యం చదవాలని వెళ్లిన అనసూయ, అందులో జంతువుల్ని కోయాల్సి ఉంటుందని తెలిసి వెనక్కి తగ్గారు. జైన కుటుంబపు పిల్ల. దాంతో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. ఓటుహక్కు కోసం వీధికెక్కిన ఆడవాళ్లను చూశారు, ఫేబియన్ సోషలిస్టుల మాటలు విన్నారు.

1913లో ఇల్లు చేరాక ఒక ఉదయం మగతలో నడుస్తున్నట్టు వెళ్తున్న ఆడకూలీల గుంపు కంటపడింది. ఏమైందని అడిగితే, ముప్ఫై ఆరు గంటలు ఏకబిగిన పనిచేసి వస్తున్నామన్నారు. ఆ మాట ఆమెను మిల్లువాడల్లోకి నడిపించింది. 1914లోనే నేతపనివాళ్ల సమ్మెకు నాయకత్వం వహించారు. కూలీలు ఆమెను ‘మోటాబెన్’ అని, అంటే పెద్దక్క అని పిలవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అనసూయకు చదువు ఇచ్చింది తమ్ముడు. దేశాలు దాటించింది తమ్ముడు. ఆ చదువు ఆమెకు ఇచ్చిన చూపుతో మొదట ప్రశ్నించాల్సి వచ్చింది ఆ తమ్ముడి మిల్లునే.

ఈ మాట చదువుతుంటే మన ఇళ్లలో చాలామందికి తెలిసిన గొంతు ఒకటి వినిపించకమానదు. ‘చదివించింది మేం. అప్పు చేసి హాస్టల్లో చేర్పించింది మేం. అమెరికా పంపింది మేం. ఇప్పుడు మాకే ఎదురు చెబుతోంది.’ గుంటూరులోనైనా, కరీంనగర్‌లోనైనా, అమెరికాలో ప్లేనో, ఫ్రిస్కోల్లోని తెలుగు ఇళ్లలోనైనా ఈ వాక్యం దాదాపు ఇదే వరసలో వస్తుంది. అందులోని బాధ నిజమైనది. దాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ బాధ ఒక పొరపాటు లెక్క మీద నిలబడి ఉంది. చదువు ఉద్యోగం వరకే పనిచేసి, పెళ్లి దగ్గరా, ఆస్తి దగ్గరా, కులం దగ్గరా ఆగిపోవాలని మనం కోరుకుంటున్నాం. ఆలోచించడం నేర్చుకున్న బుర్రకు ఎక్కడ ఆలోచించాలో, ఎక్కడ ఆపేయాలో గీత గీసి ఇవ్వలేం.

దూరం వేరు, సొంత నిర్ణయం వేరు

చాలాకాలం పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రం మనిషి ఎదుగుదలను ఒకే గీత మీద కొలిచింది. గీతకు ఈ కొసన అమ్మ కొంగు పట్టుకుని తిరిగే బిడ్డ, ఆ కొసన తన కాళ్ల మీద తాను నిలబడ్డ పెద్దమనిషి. ఎదగడమంటే ఈ కొస వదిలి ఆ కొసకు పోవడం. అంటే దగ్గరితనాన్ని వదులుకుంటూ పోవడం.

ఆ గీతే తప్పని బలంగా చెప్పినవారు టర్కీకి చెందిన చీదెమ్ కాయిత్‌చిబాషి. అమెరికాలో డాక్టరేట్ చేసి స్వదేశానికి తిరిగొచ్చి జీవితమంతా కుటుంబాల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త ఆమె. 2017లో కన్నుమూశారు. 1970లలో పలు దేశాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఆమె పాలుపంచుకున్నారు. తల్లిదండ్రులు పిల్లల్ని ఎందుకు కావాలనుకుంటారన్నది అందులో ప్రశ్న. పల్లెల్లో, పేదరికంలో, ముసలితనానికి ఆసరా అన్న జవాబు ఎక్కువ. పట్నాల్లో, చదువూ ఆదాయమూ పెరిగినచోట ఆ జవాబు తగ్గిపోయింది. అయితే పిల్లల మీద మమకారం మాత్రం ఎక్కడా తగ్గలేదు. డబ్బు అవసరం తీరిపోయినా మనసు అవసరం అలాగే ఉండిపోయింది. పెన్షన్ వచ్చే నాన్న కొడుకు పంపే డబ్బు అడగడు, వారం రోజులు ఫోన్ రాకపోతే మాత్రం నిద్రపోడు. మనకు ఇది చెప్పడానికి పరిశోధన అక్కర్లేదేమో. కానీ ఆధునికత వస్తే కుటుంబం విడిపోవాల్సిందేనని నమ్మిన శాస్త్రానికి ఇది గట్టి జవాబు.

దాన్నుంచి ఆమె తేల్చింది ఇదీ. ఒక గీత కాదు, రెండు గీతలున్నాయి. మనిషి ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉన్నాడన్నది ఒకటి. తన పనులు తన సమ్మతితో చేస్తున్నాడా, ఇంకొకరి ఆజ్ఞతోనా అన్నది రెండోది. ఈ రెండూ విడివిడిగా నడుస్తాయి. వేల మైళ్ల దూరంలో ఉంటూ ప్రతిదీ నాన్నకు భయపడి చేసేవాళ్లున్నారు. ఒకే వంటింట్లో మెలుగుతూ సొంతంగా ఆలోచించేవాళ్లూ ఉన్నారు. దగ్గరగా ఉంటూనే స్వతంత్రంగా ఉండే మనిషి సాధ్యమేననీ, ఆరోగ్యంగా ఎదిగేది ఆ మనిషేననీ ఆమె వాదించారు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే అమెరికన్ పరిశోధకులు వేరే దారిలో వచ్చి ఇదే చోటుకు చేరారు. మనిషి వికసించడానికి మూడు కావాలన్నది వాళ్ల సిద్ధాంతం: తన పని తాను ఎంచుకున్నానన్న భావం, చేతనవుననే నమ్మకం, తనవాళ్లున్నారన్న భరోసా. మొదటిదాని కోసం మూడోదాన్ని చంపుకోమని వాళ్లు ఎక్కడా అనలేదు. దక్షిణ కొరియా, రష్యా, టర్కీ, అమెరికాల్లో విద్యార్థుల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం కూడా సొంత సమ్మతితో బతకడం ఈ నాలుగు సమాజాల్లోనూ మనసు ఆరోగ్యంతో ముడిపడి ఉందని చూపించింది. కుటుంబం చెప్పిన దారిలో నడిచినా సరే, ఆ నడక మనసారా ఒప్పుకున్నదైతే అది స్వతంత్రమే. ‘ఇండియన్స్‌కు ఫ్రీడమ్ పడదు, మనది కుటుంబ సంస్కృతి’ అనే వాదనకు ఇక్కడ చోటు లేదు. ‘స్వేచ్ఛ కావాలంటే ఇంటితో తెగతెంపులే’ అనే వాదనకూ లేదు.

ఒక్క అంకె మీదే తగువు

అహ్మదాబాద్‌కు తిరిగొద్దాం. రోజూ సాయంత్రం సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద కూలీలు వేలల్లో కూడేవారు. కరపత్రం చదివేవారు. ఎవరినీ కొట్టకూడదు, పనికి వెళ్లేవాళ్లను వేధించకూడదు, భిక్ష మీద బతక్కుండా వేరే పని చూసుకోవాలి అన్నవి షరతులు. పని లేనివాళ్లకు గాంధీ ఆశ్రమంలో కడుతున్న నేతశాల పునాదికి ఇసుక మోసే పని దొరికింది. నెత్తిన తట్ట పెట్టుకుని ముందు నడిచింది అనసూయే. కోటీశ్వరుడి అక్క.

ఆ రోజుల్లోనే అంబాలాల్ ఆశ్రమానికి భోజనానికి రావాలని గాంధీ పట్టుబట్టారు. వడ్డించాల్సింది అనసూయ. ఎరిక్ ఎరిక్సన్ ఈ సంగతిని నమోదు చేశారు. మనిషి వయసు దశల మీద లోకప్రసిద్ధమైన సిద్ధాంతం చేసిన ఆ మనస్తత్వవేత్త 1962లో అహ్మదాబాద్ వచ్చి, ఈ సమ్మె కథకు ఆకర్షితుడై, అప్పటికి బతికున్న పాత్రధారులతో మాట్లాడి, 1969లో ‘గాంధీస్ ట్రూత్’ అనే పుస్తకం రాశారు. దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

అంబాలాల్ గాంధీకి శత్రువు కాదు. 1915లో ఆశ్రమంలో ఒక దళిత కుటుంబాన్ని చేర్చుకున్నప్పుడు దాతలు మొహం చాటేశారు. ఆశ్రమం మూతపడుతుందన్న దశలో ఒక సేఠ్ కారులో వచ్చి పదమూడు వేల రూపాయలు చేతిలో పెట్టి వెళ్లారు. గాంధీ తన ఆత్మకథలో పేరు చెప్పలేదు గానీ ఆ సేఠ్ అంబాలాలే. అలాంటి మనిషితోనే ఇప్పుడు పోరు.

తగువులన్నీ చెడ్డవి కావని, పనికొచ్చే తగువుకూ పాడుచేసే తగువుకూ తేడా ఉందని మోర్టన్ డాయిచ్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1973లో ఒక పుస్తకంలో విడమరిచి చెప్పారు. పాడుచేసే తగువుకు ఒక లక్షణం ఉంటుంది. అది మొదలైన కారణాన్ని వదిలేసి పాకుతుంది. మాటలు ఆగిపోతాయి, అనుమానం పెరుగుతుంది, చివరికి గెలవడం ఒక్కటే మిగులుతుంది. మన ఇళ్లలో ఇది కళ్లారా చూస్తాం. సంక్రాంతికి ఎవరింటికి వెళ్లాలన్న చిన్న మాటతో మొదలై, పదేళ్ల నాటి పెళ్లి పెట్టుపోతలకు, ఎవరో ఎప్పుడో అన్న మాటకు, ‘మీవాళ్లంతా ఇంతే’ అనే చోటుకు చేరుతుంది. అక్కడికి చేరాక సంక్రాంతి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అహ్మదాబాద్‌లో తగువు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా 35 అనే అంకె మీదే ఉంది. అంబాలాల్ చెడ్డవాడా, అనసూయ కృతఘ్నురాలా అనే ప్రశ్నలు లేవనెత్తడానికి లోకం సిద్ధంగా ఉన్నా, వాళ్లిద్దరూ అటు పోలేదు. భోజనం ఆగలేదు. అందుకే ఒప్పందం వచ్చిన రోజున మొహం చూసుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

అన్నం మానేసే ఆయుధం

ఈ కథలో ఒక మచ్చ ఉంది. దాన్ని దాటేయడం న్యాయం కాదు. మార్చి రెండో వారానికి కూలీల ఇళ్లలో ఆకలి మొదలైంది. ‘గాంధీకీ అనసూయకూ ఏం, కార్లలో వచ్చి పోతారు, కడుపునిండా తింటారు’ అని కొందరు సణిగారు. ఆ మాట గాంధీ చెవిన పడింది. మార్చి 15న కూలీల సభలో, 35 శాతం వచ్చేదాకా అన్నం ముట్టనని ప్రకటించారు. మూడు రోజుల తర్వాత, మార్చి 18న రాజీ కుదిరింది. మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20, ఆ తర్వాత మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా 27.5 శాతం. మధ్యవర్తి ఆచార్య ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 శాతమే సబబని తీర్పిచ్చారు.

కూలీల కోసం మొదలుపెట్టిన ఆ దీక్ష తనను ప్రేమించే యజమానుల మీద బలవంతంగా మారిందని, అది దోషమేనని గాంధీ తర్వాత ఆత్మకథలో ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలు మన ఇళ్లకు చాలా అవసరం. ‘నువ్వు ఆ అబ్బాయిని చేసుకుంటే నేను ముద్ద ముట్టను’ అని మంచం ఎక్కే అమ్మ, ‘నా శవం చూస్తావు’ అనే నాన్న, గదిలో గడియ పెట్టుకునే కొడుకు. వీళ్లు వాదించడం లేదు. ఎదుటివాళ్ల ప్రేమనే తాకట్టు పెట్టి గెలుస్తున్నారు. అలా వచ్చిన ‘సరే’ సమ్మతి కాదు. ఏళ్ల తర్వాత ఏదో ఒక రూపంలో అది బయటపడుతుంది, అప్పుడు కారణం కూడా ఎవరికీ అర్థం కాదు.

సమ్మె నుంచి 1920లో మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం పుట్టింది. అనసూయ దానికి జీవితాంతం అధ్యక్షురాలిగా ఉన్నారు. 1972లో ఆమె కన్నుమూశారు. ఆ ఏడాదే ఆ సంఘంలోని మహిళా విభాగం నుంచి ఇలా భట్ నాయకత్వంలో ‘సేవ’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘం మొదలైంది. 1981లో గుజరాత్‌లో రిజర్వేషన్ వ్యతిరేక అల్లర్లు చెలరేగినప్పుడు ఇలా భట్ దళితుల పక్షాన మాట్లాడారు. మాతృసంస్థ ‘సేవ’ను బయటికి పంపేసింది. ఒక అక్క ఎదురు నిలవడంతో పుట్టిన సంఘమే, ఆరు దశాబ్దాల తర్వాత తన ఆడబిడ్డ ఎదురు నిలిస్తే భరించలేకపోయింది. తిరగబడి ఎదిగినవాళ్లు తమ తర్వాతివాళ్ల తిరుగుబాటును ఇట్టే గుర్తుపడతారని అనుకుంటాం. అలా జరగదు. వంటింట్లో అత్తగారి మాట పడి కన్నీళ్లు పెట్టుకున్న కోడలు, తన కోడలి దగ్గర ఆ కన్నీళ్లను గుర్తుచేసుకోవడానికి చాలా ప్రయత్నం చేయాలి. ‘సేవ’ మాత్రం ఆగలేదు. ఇవాళ ఇరవై లక్షలకు పైగా ఆడవాళ్లు అందులో సభ్యులు.

ఒక హద్దు కూడా చెప్పాలి. దగ్గరగా ఉండి విభేదించమనేది రెండువైపులా మనుషులున్నచోట చెప్పే మాట. చేయి లేచినచోట, చంపుతామని బెదిరించినచోట, ఫోన్ లాక్కుని గదిలో బంధించినచోట అది వర్తించదు. ఇద్దరు వయోజనులు పెళ్లి చేసుకోవడానికి కుటుంబం సమ్మతి గానీ కులం సమ్మతి గానీ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది. 181కి ఫోన్ చేస్తే మహిళా సహాయ కేంద్రం పలుకుతుంది. అక్కడ బయటికి నడవడమే ఎదుగుదల. అలా నడిచినవాళ్లను ‘సర్దుకుపోవాల్సింది’ అనడం క్రూరత్వం.

పక్కన ఒక్కరుంటే

మన సమాజంలో ఇంటివాళ్లకన్నా గట్టి అధికారి ఇంకొకరున్నారు. ‘నలుగురు’. నలుగురు ఏమనుకుంటారు, నలుగురిలో నవ్వులపాలవుతాం. ఈ నలుగురి బలం ఎంతో ప్రయోగశాలలో కొలిచినవారు సాల్మన్ యాష్. వార్సాలో పుట్టి పదమూడేళ్లకు అమెరికా చేరిన యూదుడు. 1950ల తొలినాళ్లలో ఆయన చేసిన ప్రయోగం చాలా సాదాసీదాది. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతారు. ఆ ఒక్కరూ ఏం చేస్తారు? దాదాపు మూడోవంతు జవాబుల్లో గుంపుతో కలిసిపోయారు. పాతికశాతం మంది ఒక్కసారి కూడా కలవలేదు.

ఈ ప్రయోగం పేరెత్తితే అందరూ మూడోవంతు గురించే మాట్లాడతారు, మనుషులు గొర్రెలని తేల్చేస్తారు. యాష్ చూపించిన ఇంకో సంగతి అంతకన్నా విలువైనది. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పేలా ఏర్పాటు చేసినప్పుడు, గుంపుకు లొంగిన జవాబులు ఇరవయ్యో వంతు దరిదాపులకు పడిపోయాయి. ఒక్కరు చాలు. ఆ ఒక్కరు మధ్యలో గుంపువైపు వెళ్లిపోతే, లొంగుబాటు మళ్లీ పెరిగింది. మరో విశేషం ఏమిటంటే, ఆ రెండో మనిషి చెప్పేది సరైన జవాబు కానక్కర్లేదు. గుంపు జవాబుకు వేరుగా ఏదో ఒకటి చెప్పినా, ఒంటరివాడికి ధైర్యం వచ్చింది.

మన కాకినాడలో ఇది జీవితంలోనే జరిగింది. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. పదిహేనేళ్ల వయసులో ఆ కాపురానికి వెళ్లనని చెప్పేసింది. 1920ల నాటి మాట. నలుగురు ఏమన్నారో ఊహించుకోవచ్చు. కానీ తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. చిన్నప్పుడు పెళ్లి చేసిన తండ్రే, వద్దన్నప్పుడు ఆ మాటను మన్నించాడు. ఆ పిల్ల తర్వాత లాయరైంది, ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇంకా చెప్పాల్సింది ఒకటుంది. ఆ మొదటి భర్త మరో పెళ్లి చేసుకుని, 1941లో చనిపోయారు. ఆయన భార్య దిక్కులేని స్థితిలో దుర్గాబాయినే ఆశ్రయిస్తే, ఆమెకు నీడనిచ్చి, సొంత కాళ్ల మీద నిలబడేలా పని నేర్పించింది. కాదనుకున్న బంధం పట్ల ఆమెకు పగ లేదు.

ఆ సమ్మెలో అనసూయకు తోడుగా శంకర్‌లాల్ బ్యాంకర్, గాంధీ, వల్లభభాయ్ పటేల్ ఉన్నారు. దుర్గాబాయికి తండ్రీ తమ్ముడూ ఉన్నారు. ఒంటరిగా గెలిచిన ధీరుల కథలు చెప్పుకోవడం మనకిష్టం, కానీ దగ్గరికి వెళ్లి చూస్తే అలాంటి ఒంటరులు దాదాపు కనిపించరు.

అందుకే ఈ కథనం ఇంట్లో ఎదురు చెబుతున్న పిల్లలకన్నా, కోపంగా ఉన్న తల్లిదండ్రులకన్నా, ఆ గదిలో గోడకు ఆనుకుని మౌనంగా కూర్చున్న మూడో మనిషిని ఉద్దేశించింది. బాబాయ్ కావచ్చు, మేనత్త కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, పెళ్లయి వెళ్లిపోయిన అక్క కావచ్చు. పెద్దలందరూ ఒకవైపు చేరి ఒక పిల్లనో పిల్లాడినో మధ్యలో కూర్చోబెట్టినప్పుడు, ‘మనకెందుకులే’ అని లేచి వెళ్లకండి. వాళ్ల నిర్ణయం మీకు నచ్చకపోయినా ఫరవాలేదు. ‘ముందు వాడు చెప్పేది పూర్తిగా విందాం’ అని ఒక్క మాట పైకి అనండి.